చివరిసారి పీల్చిన చోటు

రోజు 6. దీపం: పసుపు

పొద్దున షిఫ్టు దిగినవాళ్ళలో పద్నాలుగు మందికి కళ్ళు కడిగాను. అంతా ఇనుప రజను. సెలైన్ సీసాలు సగానికి వచ్చాయి. గది నేల రెండుసార్లు తుడిచినా ఉప్పు చారలు పోవడం లేదు.

పదకొండింటికి ఓడ పలకలు కోసే గంగులు అనే కట్టర్ కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని వచ్చాడు. గొలుసు కింద చెయ్యి పడింది. చూపుడు వేలు రెండో కణుపు దాకా తీసేయక తప్పలేదు. అతన్ని నడిపించుకొచ్చిన తవిటమ్మ నలభై దాటిన మనిషి, ఆడ కట్టర్లలో అందరికంటే పాతది. నేను కుట్లు వేస్తున్నంతసేపూ అతని తల తన పొట్టకు ఆనించుకొని నిలబడింది.

"ఏ కణుపు కాడ తీసారో సరిగ్గా రాయండి సిస్టరమ్మా. కణుపు మారితే డబ్బు మారిపోద్ది," అంది.

గోడ మీద బొమ్మ చూపించింది. నిలువెత్తు మనిషి బొమ్మ, ఒక్కో అవయవం దగ్గర ఒక అంకె. బొటనవేలికి ఎక్కువ, చిటికెన వేలికి తక్కువ. చెవికి ఇంత, కంటికి ఇంత. చేరిన రోజు నేనది శరీర నిర్మాణం నేర్పే పటం అనుకున్నాను.

కంపెనీ చిట్టా తెర మీద నింపాలి. నింపిన ప్రతి మాటకీ సమయం, చోటు అదే వేసుకుంటుంది. ఈ నోటుపుస్తకం నా సొంతం. అర్థం కానివి రాసుకుంటే అర్థమవుతాయని మొదలుపెట్టాను.

ఈ తేలే కార్ఖానాకి కాగితాల మీద ఏదో పొడవాటి పేరుంది. అందరూ తెప్ప అంటారు. కిలోమీటరున్నర ఉంటుంది. చమురు కాలం నాటి పాత ఓడలను పక్కకు కట్టుకొని సముద్రం మీదే ముక్కలు చేస్తుంది. ఈ పని ఒడ్డున చేయడానికి ఇప్పుడు ఒడ్డే సరిగా మిగల్లేదు. తెప్ప ఒకచోట నిలవదు, మూడు దేశాల జలాల్లో తిరుగుతుంది. మన దేశపు చట్టం ఒడ్డు దగ్గరే ఆగిపోతుందని చేరేటప్పుడే మా అందరి చేతా సంతకాలు చేయించుకున్నారు. కాబట్టి ఏ నీళ్ళలో ఉంటే ఆ దేశం చట్టం. భోజనశాల గుమ్మం మీద ఒక దీపం ఉంది. నీళ్ళు మారితే దాని రంగు మారుతుంది. ఆ దేశాల పేర్లు ఇక్కడ ఎవరూ పలకరు, రంగులే చెబుతారు.

పసుపులో దెబ్బ తగిలితే ఆ బొమ్మ. అంకె చూసి డబ్బు ఒకేసారి చేతిలో పెడతారు, ఆ తర్వాత నీకూ వాళ్ళకూ సంబంధం లేదు. గంగులుకి సాయంత్రానికే ఇచ్చేశారు. ఎడమచేత్తో వేలిముద్ర వేశాడు.

రోజు 15. దీపం: తెలుపు

తెలుపు వచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఈ గదికి వచ్చినన్ని దెబ్బలు అంతకుముందు పన్నెండు రోజుల్లో రాలేదు.

తవిటమ్మ తన భర్తను తీసుకొచ్చింది. పేరు నీలాచలం, నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి. కూర్చోకుండా ముందు నా గదిని పరికించి చూశాడు. ఆక్సిజన్ సిలిండర్ ఊగుతోందని, మూలనున్న తాడు తీసి, రెండు ముళ్ళతో దాన్ని గోడ కొక్కేనికి బిగించాడు.

"వలలోళ్ళం కదా, ఊగేది సూస్తే సెయ్యి ఊరుకోదు," అన్నాడు. ఆ ఒక్క మాటకే మూడుసార్లు ఆగి దగ్గాడు.

అతని పని ఓడల కడుపుల్లోకి దూరి, ఆవిరి గొట్టాల చుట్టూ కట్టిన రాతినారను, అంటే ఆస్బెస్టాస్‌ను, పీకడం. వేడి తగలకుండా ఆ రోజుల్లో చుట్టేవారట. పీకితే పిండిలా లేస్తుంది. కోసే పని చాలావరకు యంత్రపు చేతులే చేస్తాయి, ఇది మాత్రం మనుషులే చేయాలి. ఆ దుమ్ము దూరితే యంత్రం కీళ్ళు పట్టేస్తాయి, బాగు చేయడానికి చాలా ఖర్చు. ఇచ్చిన ముసుగులు గంట దాటితే మూసుకుపోతాయి. ఊపిరాడక తీసేసి పని చేస్తారు. నీలాచలం ఐదేళ్ళుగా చేస్తున్నాడు.

ఎక్స్‌రే తీశాను. రెండు ఊపిరితిత్తుల అడుగునా దారపు పోగుల్లాంటి మచ్చలు. రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఎనిమిది.

"ఎంత కాలం బట్టి దగ్గు?"

"పోయిన వానల కాడ నుంచి."

"రెండేళ్ళవతంది," అంది తవిటమ్మ. "అబద్దాలెందుకు?"

దుమ్ము పనికి పనికిరాడని రాశాను. వంటశాలలో తేలిక పనికి మార్చారు. కూలి మూడో వంతుకు పడిపోయింది.

రోజు 24. దీపం: తెలుపు

షిఫ్టుల పట్టిక నా గది బయటే అతికిస్తారు. తెలుపులో రాతినార పీకడం, ట్యాంకుల్లోకి దిగడం, ఎత్తు మీద కోత. పసుపులో పలకలు కోయడం, గొలుసులు లాగడం. ఆకుపచ్చ నీళ్ళు వచ్చే వారానికి తుప్పు గీకడం, రంగులు, గోదాము సర్దుడు. తెర మీద పాత పట్టికలు తీసి చూశాను. ఐదేళ్ళుగా ఇదే వరుస.

తెలుపు దేశంలో చట్టం లేక కాదు. తప్పు కంపెనీదని పనివాడే కోర్టులో నిరూపించాలి. నిరూపిస్తే అందరికంటే ఎక్కువ ఇస్తారు. ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. కోర్టు అక్కడ, సాక్షులు ఇక్కడ.

భద్రతాధికారి వర్ధన్ గారిని అడిగాను. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి. నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు.

"ప్రవాహాల్ని బట్టి తెప్ప వెళ్తుందండీ సిస్టర్ గారూ. పని ఎప్పుడు ఏది పడితే అది."

"ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆకుపచ్చలో రాతినార పని పడలేదండీ."

ఆయన నా బల్ల మీది దూదిని పక్కకు జరిపాడు. "మీరు నర్సండీ. గాయాలు చూడండి, పట్టికలు చూడకండి," అన్నాడు. బెదిరించినట్టు అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నీలాచలం తరఫున మూడు దేశాలకూ దరఖాస్తులు పంపాను.

రోజు 31. దీపం: ఆకుపచ్చ

వంటశాలలో ఒకామె కాలు జారి మరిగే గంజి మీద పోసుకుంది. రెండు గంటల్లో ఎగిరే అంబులెన్స్ వచ్చి దిగింది. వచ్చిన డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని ఒక్క ముక్క అడగలేదు. పనిలో తగిలిందా? అవును. అంతే. నయమయ్యేదాకా వైద్యం వాళ్ళదే, నయం కాకపోతే బతికినన్నాళ్ళూ జీతంలో ముప్పావు వంతు. పోతే ఇంట్లోవాళ్ళకు.

చూడ్డానికి షిఫ్టు మొత్తం పైకొచ్చి నిలబడింది.

"గంజికి ఇంత మరియాద," అంది తవిటమ్మ.

రోజు 47. దీపం: పసుపు

జవాబులు వచ్చాయి. నీలాచలాన్నీ తవిటమ్మనూ కూర్చోబెట్టి చదివి వినిపించాను.

పసుపు దేశం: పట్టికలో ఊపిరితిత్తులు లేవు. ఆపరేషన్ చేసి ఒకటి తీసేసి ఉంటే తెలియజేయండి, పరిశీలిస్తాం.

తెలుపు దేశం: ఏ రోజు, ఏ ఓడలో, ఎవరి అజాగ్రత్త వల్ల పీల్చిన దుమ్ము ఈ వ్యాధికి కారణమో సాక్ష్యాలతో చూపండి.

ఆకుపచ్చ జవాబే పొడుగ్గా ఉంది. మర్యాదగా కూడా ఉంది. ఏళ్ళ తరబడి వచ్చే జబ్బుకి ఫలానా రోజు తగిలిందని చెప్పలేం కాబట్టి, మనిషి ఆ దుమ్ము చివరిసారి ఎక్కడ పీల్చాడో ఆ చోటి దేశమే మొత్తం భారం మోస్తుందని వాళ్ళ చట్టం. ఎన్నేళ్ళు, ఎన్ని రోజులు అని లెక్క పెట్టదు. నీలాచలం చివరిసారి దుమ్ములో పని చేసింది తెలుపు నీళ్ళలో. కాబట్టి విచారంతో తిరస్కరిస్తున్నాం.

తవిటమ్మ లేచి వెళ్ళిపోయింది. నీలాచలం అలాగే కూర్చున్నాడు.

"ఆ పచ్చోళ్ళది మల్లీ ఓపాలి సదవండి," అన్నాడు.

చదివాను.

"అంటే ఒక్క పూట చాలునన్నమాట. వోల్ల నీళ్ళల్లో ఒక్క పూట పీలిస్తే సరి."

అర్థమైంది. అయినా అర్థం కానట్టు కాగితాలు మడతపెట్టాను.

రోజు 70. దీపం: తెలుపు

తుపాను ఇటే తిరిగిందని కబురు. పక్కకు కట్టిన ఓడ సగం కోసి ఉంది, లోపలికి నీళ్ళు చేరుతున్నాయి. దాన్ని వదిలేస్తే తెప్పనే గుద్దుతుంది, కట్టి ఉంచితే బరువుకి తెప్ప వంగుతోంది. ఈ గాలికి చాటు ఇచ్చేవి ఆకుపచ్చ వాళ్ళ దీవులు మాత్రమే. అటు తిప్పారు. గదిలో సీసాలన్నీ నేల మీద పెట్టి దుప్పట్లు చుట్టాను.

రోజు 71. దీపం: ఆకుపచ్చ

ఓడను తేలిక చేయడానికి మధ్యాహ్నం నుంచి అందరినీ దింపారు. పైపులు కోయాలంటే ముందు వాటి మీది రాతినార పీకాలి. ఆకుపచ్చ నీళ్ళలో ఈ పని జరగడం నేను చూడటం ఇదే మొదలు. మనుషులు చాలడం లేదని కేకలు. పైకొచ్చిన వాళ్ళ కనురెప్పలు తెల్లగా, పిండి మరలో పని చేసినట్టు ఉన్నాయి.

నాలుగింటికి నీలాచలం వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, తెప్ప ఊగుతుంటే చౌకట్టు పట్టుకొని మాట్లాడాడు.

"నన్ను పనికి పనికొస్తానని రాసీండి సిస్టరమ్మా."

"రాయను."

"వర్ధన్ బాబు ఎవుల్ని పడితే ఆల్ని దించుతున్నాడు. మీ కాయితం ఒక్కటే అడ్డు."

"నీలాచలం, మెట్లెక్కితే నీ పెదాలు నీలమవుతున్నాయి. ఆ కడుపులోకి దిగితే మళ్ళీ పైకి రాలేవు."

"దిగకపోతే ఎన్నాళ్ళుంటాను? నిజం సెప్పండి."

నేను డాక్టర్ని కాదన్నాను. అతను వదల్లేదు. జాగ్రత్తగా ఉంటే రెండేళ్ళు, మూడేళ్ళు కావచ్చని చెప్పాను.

"ఆ రెండేళ్ళూ దాని కూలి మీద కూకొని తినాల. నా మందులకోసం అది ఈ దుమ్ములోనే ఉండాల. ఆ తరవాత దానికీ ఇదే. నాను ఒక్క పూట దిగితే అది ఒడ్డుకెల్లిపోద్ది."

తవిటమ్మ ఎప్పుడు వచ్చిందో, అతని వెనకే ఉంది. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము.

"రాయకండి," అంది నాతో. "ఈ మడిసికి మతిపోనాది. రాస్తే మీ సేతులతో మీరు సంపినట్టే."

అతను ఆమె వైపు తిరగకుండానే చేయి వెనక్కి చాపి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు అలా ఉన్నారు. తర్వాత చేయి విడిపించుకొని పనిలోకి వెళ్ళిపోయింది.

ఒక రోజు ఆలోచిస్తానన్నాను.

"రేపు సాయంత్రం దాకా నీళ్ళు పచ్చగా ఉంటాయేటి?" అని అడిగాడు.

ఉంటాయని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

రోజు 72. దీపం: ఆకుపచ్చ

ఉదయం ఎనిమిదిన్నరకు రాశాను. 'పరీక్షించాను. పనికి తగినవాడు.' నా పేరు, సువార్త, కింద లైసెన్సు నంబరు. తెర సమయం వేసుకుంది, చోటు వేసుకుంది.

ముందు అతన్ని నిజంగానే పరీక్షించాను. ఆక్సిజన్ ఎనభై ఆరు. ఆ అంకె ఎక్కడా రాయలేదు. ఇక్కడే రాస్తున్నాను.

వెళ్ళే ముందు సిలిండరు దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టి ఆక్సిజన్ ఇచ్చాను. ముసుగు పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. బావుందా అని అడిగితే తలూపాడు.

తొమ్మిదికి దిగాడు. మూడింటికి పైకి తెచ్చారు. ఆరు గంటలు చేశాడు. మణికట్టు పట్టీలో అంతా ఉంది: చోటు, పని, గాలిలో దుమ్ము ఎంత. స్పృహ లేదు. ఆక్సిజన్ అరవై రెండు. తవిటమ్మ కింద అతని పక్క గొట్టం మీదే పని చేసిందట. అతను ఆగినప్పుడల్లా అతని వంతు నార తనే పీకిందట. ఎవరో చెప్పారు.

గాలి కొంచెం తగ్గడంతో అంబులెన్స్ దిగగలిగింది. ఈసారి వచ్చిన డాక్టర్ పేరు ఆర్నే, నెరిసిన జుట్టు ఆవిడ. మెడ దగ్గర అనువాద యంత్రం పెట్టుకుంది. అది ఎక్కడ నేర్చిందో పాత పుస్తకాల తెలుగు మాట్లాడింది.

"ఈ ధ్రువపత్రము జారీ చేసినది మీరేనా?"

"నేనే."

ఆమె ఎక్స్‌రే వైపు చూసింది, నా వైపు చూసింది. యంత్రం లేకుండానే ఆ చూపు అర్థమైంది.

"ఈయనకు రెండు సంవత్సరములు ఉండెడివి. ఇప్పుడు కొన్ని వారములు."

అప్పుడు చెప్పేశాను, ఉన్నదంతా. పట్టికలు తెర మీద పెట్టి చూపించాను. ఏ రంగులో ఏ పని, ఐదేళ్ళ వరుస. రాసుకోమన్నాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత తన ఫారం నా వైపు తిప్పింది.

"తప్పు ఎవరిదని మా చట్టము అడుగదు. అందువలననే త్వరగా చెల్లించగలము. కావున తప్పు వ్రాయుటకు ఇందులో గడి లేదు."

తప్పెవరిదని అడిగే దేశం డబ్బివ్వదు. డబ్బిచ్చే దేశం అడగదు.

నీలాచలాన్ని ఎక్కించారు. తవిటమ్మకు చోటుంది, రమ్మన్నారు. ఎక్కుతూ నా వైపు చూడలేదు.

రోజు 73. దీపం: ఆకుపచ్చ

దరఖాస్తు ఆమోదించారని పొద్దున తెర మీద వచ్చింది. ఒక్క రాత్రిలో.

మధ్యాహ్నం వర్ధన్ గారు కొత్త నోటీసు అతికించాడు. తుపాను పోయింది, రేపు మూడింటికి తెలుపు నీళ్ళలోకి వెళ్తాం. దీపం మారగానే తుపానులో పని చేసిన వాళ్ళంతా రాతినార పనిలో ఒక షిఫ్టు తప్పక చేయాలి. ఆ షిఫ్టుకి రెట్టింపు కూలి.

జనం సంతోషపడ్డారు. గంగులు మిగిలిన తొమ్మిది వేళ్ళూ చూపించి, దీంతో పడవ అప్పు తీరిపోతుందన్నాడు.

నేను ఆ నోటీసు మళ్ళీ చదివాను. ఓడలో ఇక పీకాల్సిన నార పెద్దగా లేదు. పదిమంది చాలు. అందరూ ఎందుకు? రెట్టింపు ఎందుకు?

నీలాచలం కాక, తుపానులో రాతినార పనికి దిగినవాళ్ళు నలభై ఒక్కమంది. వాళ్ళంతా చివరిసారి దుమ్ము పీల్చింది ఆకుపచ్చ నీళ్ళలో. ఇప్పుడు పని ఆపేస్తే, రేపో పదేళ్ళకో ఎవరికి జబ్బు బయటపడినా ఆకుపచ్చ దేశమే చూసుకోవాలి. అందుకు ఆ దేశం కంపెనీ దగ్గర వసూలు చేస్తుంది. రేపు తెలుపులో ఒక్క షిఫ్టు చేస్తే చాలు, చివరి చోటు మారిపోతుంది. కంపెనీకి ఆ చట్టం నాకంటే బాగా తెలుసు.

వర్ధన్ గారి గదికి వెళ్ళి, ఇదేనా అని అడిగాను.

"నోటీసు పైనుంచి వచ్చిందండీ."

"మీకు తెలుసా తెలియదా?"

"సిస్టర్ గారూ, తుపానులో నేనూ దిగాను. నాలుగు గంటలు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు." ఆయన గొంతులో గరగర వినిపించింది. దుమ్ము వల్లో మరి దేనివల్లో నాకు తెలియదు.

రోజు 74. దీపం: మూడు గంటల దాకా ఆకుపచ్చ

పొద్దున భోజనశాలలో బల్ల ఎక్కి చెప్పాను. నాకు అలా మాట్లాడే అలవాటు లేదు, రెండుసార్లు తడబడ్డాను. చివరి చోటు సంగతి, నోటీసు సంగతి చెప్పాను. నీలాచలానికి నేను రాసిన కాగితం సంగతి కూడా చెప్పాను, ఆ డాక్టరు అన్న మాటతో సహా.

వెనకనుంచి ఒక పెద్దాయన అడిగాడు: "పని మానేస్తే ఈ నెల ఏటి తింటాం సిస్టరమ్మా? జబ్బొచ్చిన్నాడు కదా ఆళ్ళిచ్చీది. రాపోతే?"

తెలియదనే చెప్పాను.

"మానేస్తే కాంట్రాక్టు తెంపీసినట్టు. ఓడ చార్జీ మనమే పెట్టుకోవాల," అన్నాడు ఇంకొకడు.

అది నిజం. తమంతట తాము మానితే అలాగే. నర్సు పనికిరాడని రాస్తే మాత్రం తేలిక పని ఇవ్వాలి, ఇవ్వలేకపోతే కంపెనీయే ఒడ్డుకు చేర్చాలి. ఇంతమందికి వంటశాలలో చోటు లేదు. ఒడ్డుకు చేర్చే సంగతి నిబంధనల్లో ఉంది, ఐదేళ్ళలో ఎవరూ వాడలేదు.

"నా గదికి రండి. అందరికీ ఎక్స్‌రే తీస్తాను," అన్నాను.

ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాను. మనిషికి తొమ్మిది నిమిషాలు. గంగులు తలుపు దగ్గర నిలబడి లోపలికి పంపాడు. రెండింటికి యంత్రం వేడెక్కి ఆగిపోయింది. తడి గుడ్డలు కప్పి పావుగంట ఆగాల్సి వచ్చింది. మచ్చలున్నవాళ్ళు ఇరవై ముగ్గురు. ఏమీ కనిపించనివాళ్ళు, యంత్రం దాకా రాలేకపోయినవాళ్ళు మిగతావాళ్ళు. వాళ్ళ ఛాతీ మీద చెవి గొట్టం పెట్టి విన్నాను. అందరికీ ఒకటే రాశాను. 'దుమ్ము పనికి తగరు.' అబద్ధం కాదు. ఆ దుమ్ము పీల్చడానికి తగిన మనిషి ఎవరూ లేరు.

తవిటమ్మ పేరు కూడా రాశాను. ఆమె ఇక్కడ లేకపోయినా తుపానులో రెండు రోజులు దిగింది. జాబితాలో ఉంది.

రెండు యాభైకి వర్ధన్ గారు వచ్చాడు. తిట్టడానికి అనుకున్నాను. తలుపు మూసి చొక్కా బొత్తాలు విప్పాడు.

"నాది కూడా వినండి," అన్నాడు.

విన్నాను. నలభై ఒకటో కాగితం ఆయనది. మూడుకు రెండు నిమిషాల ముందు తెర తీసుకుంది. తర్వాత దీపం తెల్లబడింది. షిఫ్టు గంట మోగింది. ఎవరూ దిగలేదు.

రోజు 76. దీపం: తెలుపు

నన్ను విధుల నుంచి తప్పించారు. గది తాళాలు తీసుకున్నారు. కంపెనీ వకీలు తెర మీద మాట్లాడాడు. తుపాను నుంచి ఇప్పటిదాకా నేను రాసిన కాగితాలన్నీ చెల్లవని వాదిస్తారట. తవిటమ్మ కాక మిగతా నలభైమందినీ ఒడ్డుకు చేర్చే పడవ వారంలో వస్తుంది. వాళ్ళతోనే నేనూ.

రోజు 93. ఒడ్డు

ఆకుపచ్చ దేశం ఇరవై ముగ్గురినీ తీసుకుంది. మిగతావాళ్ళ పేర్లు నమోదు చేసుకుంది, జబ్బు బయటపడినప్పుడు రమ్మంది. పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న అలాగే ఉంది. గంగులు చేపల మార్కెట్టులో మంచు మోస్తున్నాడు.

నీలాచలం ఇరవై రోజులు ఉండి, నిన్న పోయాడు. కబురు తవిటమ్మే చెప్పింది, ఫోనులో. కిటికీలోంచి కొండలు కనిపించేవని, ఆఖర్న తెలివి ఉన్నప్పుడు అక్కడి కూడు బాగులేదన్నాడని చెప్పింది. ఆమెకు బతికినన్నాళ్ళూ అతని జీతంలో ముప్పావు వంతు వస్తుంది. ఆమె ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయట, చిన్నవే.

నేను ఏదో అనబోయాను.

"మీ మీద కోపం నేదు సిస్టరమ్మా," అంది. "అలాగని మీ మొకం సూడాలనీ నేదు."

ఫోను పెట్టేసింది.

రోజు 131. ఒడ్డు

నర్సుల మండలి ముందు విచారణ. కంపెనీ ఫిర్యాదు చేసింది. బల్ల మీద నా కాగితాలు రెండు కట్టలుగా పెట్టారు. ఒకవైపు నలభై ఒకటి, ఒకవైపు ఒక్కటి.

నలభై ఒకటీ నిలబడ్డాయి. ఎక్స్‌రేలు ఉన్నాయి, వర్ధన్ గారు సాక్ష్యం పంపాడు. ఆ ఒక్కటే మిగిలింది.

మండలి పెద్దావిడ మంచి మనిషిలాగే ఉంది. భోజన విరామంలో నన్ను పక్కకు పిలిచింది. "తుపానులో హడావిడి. చీకటి, ఊగిసలాట. పరికరం అంకె తప్పు చూపించి ఉండవచ్చు. పొరపాటు జరిగిందని మీరంటే మందలింపుతో పోతుందమ్మా. లైసెన్సు నిలబడుతుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు మీది," అంది.

కంపెనీ వకీలు గది రెండో చివర కూర్చొని ఉన్నాడు. అతనికీ కావలసింది ఆ మాటే. కాగితం పొరపాటయితే ఆ రోజు నీలాచలం పని చేయడానికి అర్హుడే కాదు. ఆ ఆరు గంటలూ లెక్కలోంచి పోతాయి. అతను చివరిసారి పీల్చిన చోటు మళ్ళీ తెలుపు నీళ్ళవుతుంది. తవిటమ్మకు వచ్చేది ఆగిపోతుంది.

నిజం చెబితే కాగితం పొరపాటు కాదు, తెలిసి పెట్టిన సంతకం; అది నిలుస్తుంది, తవిటమ్మకు వచ్చేది ఆగదు. ఎవరు తెలిసి పంపారు, ఎందుకు పంపారు అన్నది ఆకుపచ్చ వాళ్ళ ఫారంలో లేదు. ఆ గడి మండలి ఫారంలో ఉంది.

విరామం తర్వాత అడిగారు. "ఈ ధ్రువపత్రం రాసేటప్పుడు ఆయన పరిస్థితి మీకు తెలుసా?"

అతని ఆక్సిజన్ ఎనభై ఆరు అని చెప్పాను. పది నిమిషాలు ముసుగు పెట్టి పంపానని చెప్పాను.

"అంటే?"

"తెలిసే రాశానండి," అన్నాను.